ఊ కొట్టిన మనిషి

దశరథం చివరగా చేసిన మామూలు పని కుర్చీ జరపడం.

ఆదివారం పొద్దున. కేతేపల్లికి అవతల ఉన్న వాళ్ల ఊళ్లో అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. కూతురు శ్రీదేవి నల్లగొండ నుంచి మొదటి బస్సుకే వచ్చి, ముఖం కడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి తలుపు పక్కన వేసుకుంది. అక్కడైతే కాస్త గాలి ఆడుతుంది. దశరథం మంచం మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచి, ఆ కుర్చీని ఎత్తి మంచానికి ఎడమ వైపు, వడ్ల బస్తాలకూ గోడకూ నడుమ ఉన్న సందులో వేశాడు.

“గిటు కూసో.”

“గాడ గాలి రాదు బాపూ. ఉక్కపోస్తది.”

“గాలి తర్వాత తిందువు. ముందుగాల కత చెప్పు.”

వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఆమె ఎక్కడ కుర్చీ వేసుకున్నా ఆయన దాన్ని బస్తాల సందులోకి జరుపుతాడు. ఒగ్గు కథలో ఎవరు ఏ పక్కన నిలబడాలో ఒక పద్ధతి ఉంటుందనీ, బాపు దాన్ని ఇంట్లో కూడా వదలడనీ ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది. విసుక్కుంటూనే వెళ్లి సందులో కూర్చుంది. బస్తాల దుమ్ముకు ముక్కు నలుపుకుంది.

ఆయన కత అన్నది వృక్షశాస్త్రంలో ఒక పాఠం. వేర్లు తాగిన నీళ్లు ఆకు కొస దాకా ఎలా ఎక్కుతాయన్నది అందులో సంగతి. గురుకులంలో లెక్చరర్ పోస్టుకు శ్రీదేవి రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది డెమో. గురువారం నాడు హైదరాబాదులో ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి పది నిమిషాలు ఈ పాఠం చెప్పాలి. ఆ పది నిమిషాలు గొంతు ఎలా పలికితే ఆమె బతుకు అలా ఉంటుంది.

పాఠం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చెప్పింది. దశరథం ప్రతి మాట చివరా ఊ కొట్టాడు. అన్నం తిని ఆమె మధ్యాహ్నం బస్సెక్కింది. ఆయన గొర్లను నీడకు తోలి, దొడ్డి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. బస్సు నకిరేకల్ దాటకముందే అమ్మ ఫోన్ చేసింది. ఆయన మళ్లీ లేవలేదు.

*

దశరథం జీవితమంతా ఊ కొట్టడమే.

కురుమ ఇంట్లో పుట్టినవాడు కాబట్టి మొదట గొర్లు, తర్వాత కథ. గుర్వయ్య మేళంలో వంతగా చేరినప్పుడు ఆయనకు ఇంకా మీసాలు రాలేదు. ఒగ్గు కథలో చెప్పేవాడొకడు ఉంటాడు, వాడి పక్కన వంత నిలబడతాడు. చెప్పేవాడు మాట విడిచిన చోట వంత దాన్ని అందుకోవాలి. ఊ అనాలి. ‘అట్లనా?’ అనాలి. ‘మరి గప్పుడేమాయె?’ అని, కింద కూర్చున్న జనం నోట్లో ఉన్న ప్రశ్నను తాను అడగాలి. వంత అడగకపోతే రాజు గుర్రం దిగడు. కోట తలుపు తెరుచుకోదు. ఊరంతా కథ విని, గుర్వయ్య భలే చెప్పిండని ఇళ్లకు పోతారు. పక్కన నిలబడ్డవాడి పేరు ఎవరూ అడగరు. అడగరని దశరథానికి బాధ ఉన్నట్టు కూడా కనిపించేది కాదు.

“బండి మీద పేరు రాసుకుంటరు బిడ్డా. చక్రం సీల మీద ఎవడన్న రాస్తడా?” అనేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేళానికి చేతినిండా పని ఉండేది. సంబురాలకు పిలిచారు, ఊరేగింపులకు పిలిచారు. చెట్లు నాటాలని, మరుగుదొడ్లు కట్టుకోవాలని కథలో కలిపి చెప్పమన్నారు. పోను పోను పిలుపులు పలచబడ్డాయి. పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి. ఒకనాడు దశరథం మోకాళ్లు నొస్తున్నాయని కథకు వెళ్లడం మానేశాడు. గుర్వయ్య తన మేనల్లుణ్ని వంతగా పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. వయసు మీద పడితే ఎవరైనా మానేసేదే. ఆయన మెల్లగా ఎక్కువ మాట్లాడని మనిషయ్యాడు. ఫోన్ ఇస్తే తీసుకునేవాడు కాదు. “ఫోన్ల మాటకు మొఖముండదు. మీ అమ్మతోని చెప్పు, నాకు చెప్తది,” అనేవాడు. టీవీ మాత్రం వాడ మొత్తం వినేటట్టు పెట్టుకునేవాడు.

“ఇన్నేండ్ల సంసారంల నా మాట ఒక్కటి చెవుల వేసుకోలె గీ మనిషి,” అని భార్య లక్ష్మీనర్సమ్మ ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. అన్ని ఇళ్లలో ఉన్నదే.

*

శ్రీదేవిది వంతకు పుట్టిన గొంతు కాదు. సన్నగా, పైపైనే పలికే గొంతు. నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పొద్దంతా పాఠాలు చెప్పేది. క్లాసు గదిలో వంద మంది దాకా ఉంటారు. మైకు అడిగితే, “అదెందుకు మేడమ్, జర గట్టిగ చెప్పున్రి,” అన్నారు. గట్టిగా చెప్పీ చెప్పీ సాయంత్రానికి గొంతు లోపల ఇసుక పోసినట్టు ఉండేది. ఇంటికి వచ్చాక భర్త మల్లికార్జున్‌ను ఉప్పు డబ్బా అందించమనడానికి కూడా చేత్తో చూపించేది. దవాఖానలో గొట్టం పెట్టి చూసి, చేతికి కాయలు కాసినట్టు, అరిచి అరిచి స్వరపేటికకు కాశాయని చెప్పారు. నెల రోజులు మాట్లాడొద్దన్నారు. నెల రోజులు మాట్లాడకపోతే ఇక రానక్కర్లేదని కాలేజీ వాళ్లన్నారు.

ఆమె పాఠాలు మానలేదు. అంతకుముందు పోస్టులు పడ్డప్పుడు మొదటిసారి డెమోకు వెళ్లింది ఆ గొంతుతోనే. తనకు తెలిసిందంతా ఎక్కడ చెప్పకుండా మిగిలిపోతుందోనన్న భయంతో సగం సమయానికే పాఠం అయిపోగొట్టింది. గొంతు మాట మాటకూ పైకెక్కి, చివరికి చీలింది. బోర్డులో ఒకాయన నీళ్లిచ్చి, “మీకు పాఠం వచ్చమ్మా. కానీ మాకు చెప్పలేదు,” అన్నాడు. ఉద్యోగం రాలేదు.

ఆ వారం ఊరికి వచ్చి అమ్మ దగ్గర ఏడ్చింది. దశరథం కాసేపు ఆమె ముఖాన్నే చూసి, “గా కతేందో నాకు చెప్పు,” అన్నాడు.

“నీకేం సమజైతది బాపూ? గది బాటనీ.”

“ఊ కొట్టెటోనికి సమజ్ కావాల్నని ఎవలన్నరు? నువ్వు చెప్పు.”

ఆమె కన్నీళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఒక పేజీ అయిపోయింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఆమె ఆగింది.

“ఊ అంటలేవేంది?”

“నువ్వు జాగ ఇచ్చినవా అనెతందుకు? దొడ్డి తడిక తీస్తె గొర్లన్ని ఒక్కపారి ఉరికినట్టు ఉరుకుతున్నయి నీ మాటలు. ఏది గొర్రెపిల్లో ఏది పొట్టేలో తెలుస్తలేదు. ఒక్కొక్కటి ఇడువు.”

అలా మొదలైంది. వీలైనప్పుడల్లా ఆదివారం పూట ఆమె వచ్చేది. బస్తాల సందులో కూర్చునేది. ఆయన దగ్గర పాఠం చెప్పడమంటే గచ్చకాయలు ఆడినంత తేలిక కాదు. గొంతు పైకెక్కితే చెయ్యి ఎత్తి ఆపేవాడు.

“కీసుపిట్ట లెక్క చెప్పకు. దింపు. కడుపుల నుంచి రావాలె. గొర్లను అదిలిచ్చేటప్పుడు చూడలేదా? గొంతుతోని ఒర్లినోడు పొద్దుమూకేసరికి మూగోడైతడు. కడుపుతోని పిలిచినోడు గుట్ట అవుతలికి గూడ ఇనవడుతడు.”

మాట చివర్లు నీరసపడితే ఒప్పుకునేవాడు కాదు. “తోక మింగకు బిడ్డా. మన మాటల అసలు సంగతంత కొసకే ఉంటది. నీళ్లు ఎక్కుతయి అన్నవా, ఎక్కయి అన్నవా? కొస మింగితె నాకెట్ల ఎరుకైతది?”

అన్నిటికంటె కష్టం ఇంకొకటి. ఆమె తలుపు మీద సుద్దతో చెట్టు బొమ్మ గీసి, బొమ్మ వైపు తిరిగి చెబుతుంటే ఆయన అసలు పలికేవాడు కాదు. రాయిలా కూర్చునేవాడు. ఆమె తిరిగి ఆయన ముఖం చూసి ఆ మాటే మళ్లీ చెప్పాలి.

“తలుపు ఊ కొడ్తదా? నా మొఖం చూసి చెప్పు.”

“బొమ్మ చూపియ్యాలె గదనే బాపూ!”

“చూపియ్యి. చూపిచ్చినంక గిటు తిరుగు. తిరిగినంకనే నోరు తెరు.”

ఒకరోజు ఆయన చాలాసేపు విని, గడ్డం గోక్కుని, “అంటే తాటిచెట్టుకు మోటరు లేదంటవు,” అన్నాడు.

“లేదు.”

“కరెంటు గూడ లేదు.”

“లేదే.”

“గంత మీదికి నీళ్లెక్కించి, మల్ల కల్లు జేసి కిందికి పంపుతది. మా కరెంటాఫీసోళ్లను దాని కింద కూసోవెట్టాలె.”

శ్రీదేవి నవ్వింది. పొయ్యి దగ్గర్నుంచి లక్ష్మీనర్సమ్మ గొంతు వినిపించింది. “చూడు, నేను పప్పు అయిపోయిందని పొద్దుగాల సంది మూడుమాట్ల చెప్పిన. ఊ లేదు, ఆ లేదు. బిడ్డ చెట్టు కత చెప్తె మాత్రం చెవులు రిక్కిచ్చి కూసుండు.”

“ఏమంటాంది మీ అమ్మ?” అన్నాడు దశరథం కూతురితో.

“పప్పు లేదట.”

“గిదే! గిదే నేను చెప్పేది!” అని లక్ష్మీనర్సమ్మ గంటెను గిన్నె అంచుకు టంగుమని కొట్టింది.

ఆ నెలల్లో శ్రీదేవి గొంతు పూర్తిగా బాగుపడలేదు గానీ, చీలడం తగ్గింది. కాలేజీలో కూడా దింపి, ఆపి, ముఖాలు చూస్తూ చెప్పడం అలవాటైంది. సాయంత్రానికి ఇసుక ఉండేది, కాకపోతే పిడికెడే. బాపు లోపల ఇంత విద్య ఉందనుకోలేదు ఆమె. పక్కన నిలబడి నలభై ఏళ్లు వింటే మనిషికి ఇవన్నీ పట్టుబడతాయి కాబోలు అనుకుంది. కొన్ని ఆదివారాలు ఒళ్లు అలిసిపోయి రాబుద్ధి అయ్యేది కాదు. వచ్చేది. ఎందుకంటే నల్లగొండలో ఆమె చెప్పింది ఆ చివర దాకా విని ఊ అనేవాళ్లు ఎవరూ లేరు. మల్లికార్జున్ మంచివాడే. రెండో మాటకే కునుకు తీసేవాడు.

*

సోమవారం మట్టి చేశారు. గుర్వయ్య ముందు నడిచాడు. మేళంవాళ్లు డోళ్లు కొట్టారు. బుధవారం మూడొద్దుల కార్యం అయింది. శ్రీదేవికి అప్పటికి గొంతు లేదు. మూడు రోజులుగా వచ్చినవాళ్లనల్లా పట్టుకుని ఏడ్చింది.

“రేపు పో,” అంది లక్ష్మీనర్సమ్మ, సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గుసగుసలాడారు. ఒకామె పైకే అంది, “దినాలు కాకముందే గడప దాటుతదా వదినా?”

“పెండ్లైన బిడ్డకు మూడొద్దులే మైల. తీరింది. అది పోతది.”

“ఎట్ల పోనమ్మా? నోరు పెగుల్తలేదు,” అంది శ్రీదేవి. ఆ మాట కూడా గాలిగానే వచ్చింది.

లక్ష్మీనర్సమ్మ కూతురి గడ్డం పట్టుకుంది. “ఇగ ఏడువకు. ఉన్న జర గొంతు దాని కోసం దాచుకో. నీ పాలుది గూడ నేనే ఏడుస్త.”

గురువారం ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఒకాయన, కుడి చివర ఒకాయన, ఎడమ చివర నెరిసిన జుట్టుతో ఒకామె. శ్రీదేవి బోర్డు మీద చెట్టు గీసింది. తిరిగింది. తిరిగాకే నోరు తెరిచింది. గట్టిగా పలకడానికి గొంతులో ఏమీ మిగల్లేదు కనుక అది దానంతటదే కిందికి దిగి వచ్చింది.

“తాటిచెట్టుకు మోటారు లేదు.”

ఆగింది. ఎదురు చూసింది.

ఫ్యాను తిరుగుతోంది. ముగ్గురూ ఆమె వైపు చూస్తున్నారు.

“చెప్పండమ్మా,” అన్నాడు మధ్యలో ఉన్నాయన.

“అయినా వేళ్లు తాగిన నీరు అంత ఎత్తున ఆకు కొస దాకా ఎక్కుతుంది.”

మళ్లీ ఆగింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు. కుడి చివర ఉన్నాయన చేతి గడియారం చూసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

“ఏమ్మా, మర్చిపోయారా?”

“లేదు సార్.”

అప్పుడు తెలిసింది ఆమెకు, తాను దేని కోసం ఆగుతున్నదో. ఊ అన్న శబ్దం రాకపోతే ఆమె నోట్లోంచి తర్వాతి మాట దిగడం లేదు. ఒగ్గు మేళంలో పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది. బోర్డు ముందు నిలబడి వంత కోసం చూడడం. చెయ్యి వెనక్కి పెట్టి బోర్డు అంచు పట్టుకుంది. ముఖం చూసి చెప్పు అన్న మాట గుర్తొచ్చి, ఎడమ చివర ఉన్నామె ముఖం చూసింది. ఆమె ఆ కాలేజీల్లో ఈ కాలేజీల్లో ఏళ్ల తరబడి పాఠాలు విని అలిసిపోయిన మనిషిలా ఉంది.

“ఆకు చెమటోడుస్తుంది,” అంది శ్రీదేవి ఆ ముఖంతో. అని, ఆగింది.

ఆమె గడ్డం కొంచెం కిందికి కదిలింది. అంతే. తనకు తెలియకుండానే కదిలి ఉంటుంది.

తర్వాతి మాట ఆ గడ్డం కదిలిన జాగాలో పెట్టింది. మళ్లీ కదిలింది. అలా ఒక్కొక్కటి విడిచింది. ఆకు నుంచి ఆవిరైపోయిన నీటిచుక్క వెనక ఉన్న చుక్కను ఎలా లాగుతుందో, ఆ లాగుడు కొమ్మ మీదుగా, మాను మీదుగా వేరు దాకా ఎలా పాకుతుందో చెప్పింది. గంట మోగేసరికి చివరి వాక్యం సగంలో ఉంది. ఉరకలేదు. కొస మింగలేదు.

“గొంతు బాగాలేదా?” అని అడిగింది నెరిసిన జుట్టు ఆమె.

“మా బాపు పోయిండు మేడమ్. ఆదివారం.”

ఆమె తన ముందున్న నీళ్ల గ్లాసును బల్ల మీద ఇటువైపు జరిపింది.

*

ఉద్యోగం వచ్చింది. జాబితాలో పేరు వచ్చిన రోజు శ్రీదేవి అమ్మకు ఫోన్ చేస్తే, “మంచిదాయె బిడ్డా,” అని, “తిన్నవా?” అంది లక్ష్మీనర్సమ్మ. ఇద్దరికీ అంతకంటె సంబురం చేసుకునే ఓపిక లేకపోయింది.

పోస్టింగు మహబూబ్‌నగర్ వైపు. గుట్టల నడుమ బడి, ఆడపిల్లలు. తరగతికి నలభై మంది. అక్కడ అరవాల్సిన పని లేదు. మొదట్లో ఆమె మాట విడిచి ఆగినప్పుడల్లా పిల్లలు బిక్కమొహం వేసేవాళ్లు. కొన్నాళ్లకు వెనక బల్ల నుంచి ఒక పిల్ల ఊ అంది. తరగతంతా నవ్వింది. శ్రీదేవి నవ్వలేదు, పాఠం ముందుకు నడిపింది. మర్నాడు నలుగురన్నారు. ఇప్పుడు నలభై మందీ అంటారు. పక్క గదిలో లెక్కలు చెప్పే స్వర్ణ ఒకరోజు తలుపులోంచి తొంగిచూసి, “ఏంది మేడమ్, పాఠమా పట్నమా?” అని, ఒగ్గువాళ్లు ముగ్గు పట్నం వేసి చెప్పే కథతో పోల్చి వెక్కిరించి పోయింది.

ఏడాది మాసికానికి శ్రీదేవి ఊరికి వచ్చింది. వంటలు అవుతున్నాయి. గుర్వయ్య కర్ర ఊతంతో వచ్చాడు. ఆయనకూ కథలు ఆగిపోయాయి. ఇప్పుడు కూర్చుంటే లేవడానికి ఒకరు కావాలి. దశరథం కూర్చునే మంచం మీదనే కూర్చున్నాడు. శ్రీదేవి పలకరించడానికి కుర్చీ తెచ్చి, చేతి అలవాటు కొద్దీ, బస్తాల సందులో వేసుకుంది.

“గా మూలకెందుకు పోయినవు బిడ్డా? గిటు గాలికి కూసో.”

“పర్వాలేదు పెద్దబాపూ. బాపు ముందర గీడనే కూసునెదాన్ని.”

“ఆని కోసమైతె గాడ కూసోవాలె. నాకేంది? నాకు రెండు చెవులు మంచిగనే ఉన్నయి.”

శ్రీదేవి ఆయన ముఖం చూసింది. “అంటే?”

గుర్వయ్య కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “నీకు గూడ చెప్పలేదా ఆడు?” అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. తెలంగాణ వచ్చిన యేడు, సంబురాల్లో, చుట్టుపక్కల మేళాలన్నిటినీ ఒక్క దగ్గర నిలబెట్టారు. పొద్దంతా డోళ్లు మోగాయి. దశరథం నిలబడింది సరిగ్గా పెద్ద డోలుకు ఎడమ పక్కన. ఎన్నో ఏళ్లుగా అదే పక్కన నిలబడుతున్నాడు. ఆ రోజుతో కుడి చెవి పూర్తిగా పోయింది. ఎవరితోనూ చెప్పొద్దని గుర్వయ్యతో ఒట్టు వేయించుకున్నాడు. చెవి లేని వంతను ఎవడు పిలుస్తడన్నాడు.

“మరి నీ పక్కన గన్నేండ్లు ఊ ఎట్ల కొట్టిండు?”

“నేను మాట ఇడిసేటప్పుడు మొఖం ఆని దిక్కు తిప్పెటోన్ని. నా పెదవులు చూసి, ఊపిరి చూసి కొట్టెటోడు. ఒక్కనాడు తప్పలే. పోను పోను ఆనికే బుగులైంది, యాడ తప్పుతదో అని. మోకాళ్లని చెప్పి ఇంట్ల కూసుండు.”

పొయ్యి దగ్గర లక్ష్మీనర్సమ్మ గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గిన్నెలో పప్పు పొంగి మంటలో పడుతున్నా చూడలేదు.

“ఎడమది?” అని అడిగింది శ్రీదేవి.

“ఎడమది గూడ సగమే,” అన్నాడు గుర్వయ్య. “గా పక్కన దగ్గర కూసొని, మొఖం చూసుకుంట, గొంతు దింపి, నిదానంగ చెప్తె ఇనవడేది.”